అగ్గిపెట్టెలో ఆరుద్ర

అగ్గిపెట్టె మీద బొమ్మ ఏమిటో ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు. గుర్రమా, ఓడా? లోపలున్నవి మాత్రం కళ్ళకు కట్టినట్టే ఉన్నాయి. పది పన్నెండు ఆరుద్ర పురుగులు, వాటికి మెత్తగా ఉంటుందని నేను పరిచిన గరిక. మా అమ్మమ్మ ట్రంకుపెట్టె అడుగున మఖమల్ రవిక ఒకటుండేది, పెళ్ళినాటిది. అచ్చం ఆ ఎరుపు, ఆ నునుపు. వేలితో తాకితే పురుగు కాళ్ళన్నీ ముడుచుకుని కుంకుమ ఉండలా అయిపోయేది. ఊపిరి బిగబట్టి చూస్తూ కూచుంటే కాసేపటికి ఒక్కో కాలూ బయట పెట్టి, ఏ తొందరా లేకుండా నడక సాగించేది.

నాకప్పుడు ఏడో ఎనిమిదో ఏళ్ళు. మాది చిలకలూరిపేట దగ్గర పల్లె. చేలన్నీ నల్లరేగడి. ఊరికి పడమట గరువు మీద మాత్రం కొంచెం ఎర్రటి ఇసకపాటి నేల ఉండేది. ఆరుద్ర కార్తెలో ఓ మంచి వాన పడి వెలిసిందంటే పిల్లలమందరం అటు పరుగు. నల్లరేగడిలో అవి మాకెప్పుడూ కనపడలేదు. బడి తెరిచిన కొత్త రోజులు కాబట్టి కొత్త పుస్తకాల వాసనా తడిమట్టి వాసనా ఇప్పటికీ నా ముక్కులో విడివిడిగా లేవు.

"వాన మొలిపించిన పురుగురా అది. పెట్టెలో పెడితే బతకదు, వొదిలెయ్" అనేది అమ్మమ్మ. వదల్లేదు. తెల్లారి చూస్తే గరిక వాడిపోయి ఉంది, పురుగులు ఎర్రటి పొట్టులా ఎండి ఉన్నాయి. ఏడ్చానో లేదో తెలియదు. తర్వాతి వానకు మళ్ళీ పట్టుకొచ్చానని మాత్రం బాగా తెలుసు. కవి ఆరుద్రగారి పేరు తర్వాతెప్పుడో పేపర్లో చూసి, ఈయన కూడా చిన్నప్పుడు వీటిని పట్టేవాడు కాబోలు, అందుకే ఆ పేరు పెట్టారనుకున్నాను కొన్నాళ్ళు.

ఆరుద్ర కీటకం కాదన్న సంగతి వ్యవసాయ కాలేజీకి వెళ్ళాక తెలిసింది. తెలిసిన తీరు అంత గౌరవంగా లేదు. కీటకశాస్త్రం క్లాసుకి ఒక్కొక్కరం ఒక పురుగుల పెట్టె తయారు చేసి ఇవ్వాలి. పట్టిన పురుగుని మందు సీసాలో వేసి చంపి, సన్నటి సూది గుచ్చి, రెక్కలు సర్ది, కింద చీటీ మీద పేరూ తేదీ రాయాలి. నేను అత్యాశకు పోయి ఒక పెద్ద సాలీణ్ణి, రెండు ఆరుద్రల్ని కూడా గుచ్చాను. వారం తిరిగేసరికి సాలీడి పొట్ట ఎండుద్రాక్షలా ముడతలు పడిపోయింది. మాస్టారు పెట్టె తెరిచి చూసి, కళ్ళజోడు పైకి నెట్టి, "ఇన్నాళ్ళూ చదివి కాళ్ళు లెక్కపెట్టడం రాలేదుటయ్యా?" అన్నారు. క్లాసంతా నవ్వు.

కీటకానికి ఆరు కాళ్ళు, సాలీడికి ఎనిమిది. తేలూ ఎనిమిదే. మా ఆరుద్రా ఎనిమిదే, అది సాలీళ్ళ వైపు చుట్టం. వీటిలో మెత్తటి ఒళ్ళున్నవాటిని సూదికి గుచ్చకూడదు, సారాయిలాంటి ద్రవంలో వేసి దాచాలి. మూడు మార్కులు తగ్గించారు. ఆయన మొహం ఇప్పుడు సరిగ్గా గుర్తు లేదు గానీ, ఆ కళ్ళజోడుకు ఒక వైపు దారం కట్టి ఉండేది.

ఆ పరీక్ష కోసం చదివిందే ఇప్పటికీ మిగిలిన చదువు. ఆరుద్ర ఏడాదిలో ఎక్కువ కాలం నేలలోనే ఉంటుంది. తొలి వానలకు కొన్ని గంటలు బయటికి వస్తుంది, తినడానికీ జత కట్టడానికీ. తినేది ముఖ్యంగా చెదపురుగుల్ని. అదే వానకు ఉసిళ్ళు కూడా లేస్తాయి కదా, లెక్క సరిపోయింది. పట్టపగలు అంత ఎర్రగా ధైర్యంగా తిరగడం తన రుచి బాగోదని పిట్టలకు చెప్పడమే. గుడ్డులోంచి వచ్చిన పిల్లకు ఆరు కాళ్ళే. అది మిడతల ఒంటికి అంటుకుని రసం పీల్చి పెద్దదవుతుంది. చిన్నప్పుడు మిడత రెక్క ఎత్తి చూస్తే కింద ఎర్రపూసలు గుచ్చినట్టు ఉండేవి. మిడతకు పొంగు పోసిందని మా జట్టులో ఒకడు తేల్చేశాడు. ఆ పూసలు ఆరుద్ర వంశం పిల్లలే.

ఇంత తెలిసినా నాకు అబ్బనిది ఒకటుంది. దాని కోసమే ఇది రాస్తున్నాను.

1987 దసరా సెలవులు. నేను మూడో సంవత్సరం. మా మామయ్య నాలుగెకరాల్లో పత్తి వేశాడు. ఊరంతా పత్తే. వరలక్ష్మి పత్తి విత్తనం వచ్చిన కాలం నుంచీ మా వైపు పత్తి అంటే మేడ, పెళ్ళి, స్కూటరు. అంతకు ముందు రెండు మూడేళ్ళ నుంచి తెల్లదోమ పట్టుకుంది. ఆకు అడుగున చేరి పీల్చి, పైన తేనెబంక కార్చి, ఆ బంక మీద మసి పట్టి, తీసిన పత్తి కూడా నల్లబడేది. అయినా ఆశ చావలేదు. నేను బస్సు దిగి సంచీ కింద పెట్టకముందే మామయ్య, "ఏరా అల్లుడూ, నువ్వొచ్చావు, ఇంక నాకేం భయం. మన చేను చూసి ఏ మందు కొట్టాలో చెప్పు" అన్నాడు.

పంతొమ్మిదేళ్ళవాడికి అంతకంటే ఏం కావాలి? మర్నాడు తెల్లవారుజామునే నోటుబుక్కు పట్టుకుని బయల్దేరాను. తెల్లదోమను పొద్దెక్కకముందే లెక్కపెట్టాలి, ఎండ వస్తే ఎగిరిపోతుంది. చేలో ఐదు చోట్ల, చోటుకు నాలుగు మొక్కలు. మొక్కకు పైన ఒకటి, మధ్యలో ఒకటి, కింద ఒకటి, మూడు ఆకులు. స్కేలు పెట్టి గళ్ళు గీశాను. తెల్లదోమ, పచ్చదోమ, శనగపచ్చ పురుగు గుడ్లు, పిల్లలు, రాలిన గూడ, అంటే మొగ్గలు. మంచుకు వేళ్ళు తడుస్తున్నా రాత మాత్రం ముత్యాల్లా ఉంది. ఆ నోటుబుక్కు ఇప్పుడు నా బల్ల మీదే ఉంది కాబట్టి ఈ మాట అనగలుగుతున్నాను.

అప్పుడే కలుపుకు వచ్చిన ఆడవాళ్ళు సాళ్ళలోకి దిగుతున్నారు. వాళ్ళలో ఒకామె, పేరు గుర్తు లేదు, పెద్ద వయసు, చెవికి మాటీలు వేలాడుతుండేవి, చేలో నాలుగడుగులు వేసి ఆగి, మొహం మీద చెయ్యి పెట్టుకుని అంది: "ఏందయ్యా, ఈ యేడు మొహానికి ఒక్క సాలీడు పోగన్నా తగల్లేదు?"

పత్తి చేలో పొద్దున్నే నడిచినవాళ్ళకి తెలుస్తుంది. సాలుకీ సాలుకీ మధ్య రాత్రి కట్టిన గూళ్ళు మంచుతో బరువెక్కి ఉంటాయి. ముందు నడిచినవాడి నుదుటికీ కనురెప్పలకీ చుట్టుకుంటాయి. ముందు ఎవరు నడవాలని కూలీల్లో చిన్న పోట్లాట కూడా ఉండేది.

"మంచిదేగా. చేను శుభ్రంగా ఉందన్నమాట" అన్నాను.

ఆమె నా వైపు చూసిందో లేదో. వంగి పనిలో పడింది. ఇన్నేళ్ళలో ఆ మాటను ఎన్నిసార్లు తిరగేసుకున్నానో. ఆమె సరిగ్గా ఆ మాటలే అందా, లేక నేనే మెరుగులు దిద్దుకున్నానా అన్న అనుమానం కూడా ఉంది. నా జవాబు మాత్రం అదే. అందులో అనుమానం లేదు.

నేను చెప్పిందేమిటంటే, రెండు మందులు కలిపి కొట్టమని. ఒకటి కొత్తగా వచ్చిన సింథటిక్ పైరెత్రాయిడ్లలోది, ఒకటి పాతది. క్లాసులో పేర్లు బట్టీ పట్టి ఉన్నాను. సైపర్‌మెత్రిన్, ఫెన్‌వలరేట్, డెల్టామెత్రిన్. నోరు తిరిగితే చాలు పెద్ద డాక్టరులా ఉండేది. మామయ్య మందుల కొట్టుకు వెళ్ళి అప్పు రాయించుకుని తెచ్చాడు. అప్పటికే ఆ యేడు ఎన్నిసార్లు కొట్టాడో నేను అడగలేదు. కొట్టాక సాయంత్రం చేలోకి వెళ్ళాను. వెల్లుల్లి కుళ్ళినట్టుండే ఆ వాసన గొంతులో కూచుంది. అత్తయ్య పెట్టిన దొండకాయ వేపుడు ఆ రాత్రి అదే వాసన వేసింది.

ఒక మొక్క మొదట్లో ఆకుపచ్చ సాలీడు ఒకటి వెల్లకిలా పడి ఉంది. పత్తి మీద గూడు కట్టకుండా ఆకుల మీద తిరుగుతూ, పిల్లిలా దూకి పట్టే రకం. కాళ్ళ మీద ముళ్ళలాంటి నల్లటి వెంట్రుకలుంటాయి. ఎనిమిది కాళ్ళూ పొట్ట మీదికి ముడుచుకుని గుప్పిలి మూసినట్టుంది. చచ్చిన సాలీడు ఎందుకలా ముడుచుకుంటుందో తర్వాత తెలిసింది. కాలు ముడవడానికి దానికి కండ ఉంది. చాచడానికి మాత్రం కొన్ని కీళ్ళ దగ్గర కండ లేదు, ఒంట్లోని ద్రవాన్ని కాలిలోకి ఒత్తి చాస్తుంది. ప్రాణం పోతే ఆ ఒత్తిడి పోతుంది, ముడుచుకోవడమే మిగులుతుంది. ఆ రోజు నేను దాన్ని చెప్పుతో పక్కకు జరిపి మందు బాగా పనిచేసిందనుకున్నాను. చుట్టూ చూస్తే అలాంటి గుప్పిళ్ళు ఇంకా చాలా ఉన్నాయి. అక్షింతల పురుగులు కూడా.

ఏ గడిలోనూ రాయలేదు. వాటికి గడి లేదు.

పండక్కి మళ్ళీ వచ్చేసరికి చేను చూసి మాట రాలేదు. శనగపచ్చ పురుగు కాయ కాయకీ తల లోపల పెట్టి, సగం ఒళ్ళు బయట వేలాడేసుకుని ఉంది. మందు డబ్బాలో ముంచి తీసినా బతికేట్టుందని మామయ్య అన్నాడు. అది వట్టి కోపం మాట కాదు. ఆ పురుగు పైరెత్రాయిడ్లకు లొంగడం మానేసిందని ఆ రోజుల్లోనే శాస్త్రజ్ఞులు మన రాష్ట్రం పురుగుల మీదే పరీక్షలు చేసి తేల్చారు. మాకు ఆ వార్త పుస్తకంలోకి ఎక్కాక తెలిసింది. మామయ్య ఆ పంటలో ఇరవైసార్లకు పైనే మందు కొట్టాడు. సంక్రాంతికి ఎడ్లజత లేదు కొట్టంలో. కొట్టం ఖాళీగా ఉందని ఎవరూ అనలేదు. నేనూ అడగలేదు. అత్తయ్య గొబ్బెమ్మల కోసం పేడ పక్కింటి నుంచి తెచ్చింది.

ఆ చలికాలమే ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తి రైతుల చావుల గురించి పేపర్లో వచ్చేది. మా పక్క ఊళ్ళో ఒకాయన పోయాడు. మామయ్య వెళ్ళి వచ్చి కాళ్ళు కడుక్కుని, వసారాలో స్తంభానికి ఆనుకుని చాలాసేపు కూచున్నాడు. "నిన్నేం అనటంలేదురా" అన్నాడు, నేను ఏమీ అడక్కుండానే. ఆ తర్వాత ఆ చేలో ఏళ్ళ తరబడి పత్తి వేయలేదు. కొన్నాళ్ళు శనగ, ఆ తర్వాత సుబాబుల్.

చదువయ్యాక బ్యాంకులో ఫీల్డాఫీసరు ఉద్యోగం వచ్చింది. పంట అప్పుల కాగితాల్లో విత్తనాలకింత, ఎరువులకింత, పురుగుమందులకింత అని గడులుండేవి. అవి నింపడంలో నాకు మంచి పేరు. పదేళ్ళ తర్వాత 1997-98లో వరంగల్లు వైపు లద్దె పురుగు పడి మళ్ళీ అవే వార్తలు వచ్చాయి. ఆ పేపరు మడిచి బల్ల సొరుగులో పెట్టి, ఆ రోజు రావలసిన కాగితాలు పూర్తి చేశాను.

కళ్ళు తెరిపించింది ఒక రైతు పొలంబడి. రెండువేల సంవత్సరం దాటాక, ఏ యేడో కచ్చితంగా చెప్పలేను. బ్యాంకు తరఫున కుర్చీలో కూచోబెట్టడానికి పిలిచారు. కుర్చీ వద్దని గోనెపట్టా మీద కూచున్నాను. రైతులు పొద్దున్నే వరి చేలో తిరిగొచ్చి, పెద్ద కాగితం మీద మధ్యలో మొక్క గీసి, ఒక పక్క పంటను తినే పురుగులు, ఇంకో పక్క ఆ పురుగుల్ని తినేవి బొమ్మలు వేసి అంకెలు రాస్తున్నారు. ఒకమ్మాయి సాలీడికి ఆరు కాళ్ళు వేసింది. పక్కనున్న ముసలాయన ఆమె చేతిలో స్కెచ్చు పెన్ను తీసుకుని ఇంకో రెండు కాళ్ళు కలిపాడు. నాకు కళ్ళజోడుకు దారం కట్టిన మాస్టారు గుర్తొచ్చారు.

సాలీళ్ళకు ఒక గడి. నేను స్కేలు పెట్టి గీయనిది అదే.

వరిలో నీళ్ళ మీద పరుగెత్తే సాలీళ్ళు దోమపోటు తెచ్చే సుడిదోమను ఎలా తింటాయో, మందు కొట్టిన చేలో ఆ సాలీళ్ళు పోయి సుడిదోమ ఎందుకు ఇంతలింతలవుతుందో ఆ రోజు చెప్పారు. 1986లోనే ఇండోనేషియా ప్రభుత్వం ఈ కారణంగానే వరి మీద 57 రకాల పురుగుమందుల్ని నిషేధించిందని అక్కడే విన్నాను. 1986! అంటే నేను నోటుబుక్కులో గళ్ళు గీయడానికి ముందు సంవత్సరం. తెల్లదోమ కథా దాదాపు ఇదే. ఆకు అడుగున ఉన్న దాని పిల్లలకు మందు సరిగా తగలదు, నెల తిరక్కుండానే ఇంకో తరం లేస్తుంది. దాన్ని తినే సాలీడు అంత తొందరగా తిరిగి రాదు. మళ్ళీ దోమ, మళ్ళీ మందు. మాటీల ముసలమ్మ నాలుగడుగుల్లో పట్టుకున్నది, నేను అరవై ఆకులు తిరగేసి కూడా పట్టుకోలేకపోయాను.

కిందటేడు మా మేనల్లుడి కొడుకు డల్లాస్ నుంచి ఒక ఫోటో పంపాడు. పెంపుడు జంతువుల దుకాణంలో అద్దాల పెట్టెలో పెద్ద సాలీడు, నెమలికంఠం నీలం. పెట్టె మీద పేరు "గుత్తి". "తాతయ్యా, ఇది మన ఊరిపేరేనా?" అని అడిగాడు. మనదే. అనంతపురం జిల్లా గుత్తిలో రైల్వే కలప పోగులో దొరికిన ఒకే ఒక్క దాన్ని చూసి 1899లో పోకాక్ అనే ఆయన దీని గురించి రాశారు. ఆ తర్వాత నూటరెండేళ్ళు శాస్త్రజ్ఞులెవరికీ కనపడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో చెట్టు తొర్రల్లో మళ్ళీ దొరికింది. అంతరించిపోయే ప్రమాదం బాగా ఎక్కువగా ఉన్న జాతుల్లో చేర్చారు. ప్రపంచమంతా పెట్టెల్లో పెంచుకుంటున్నారు, దాని సొంత అడవి మాత్రం తరిగిపోతోంది. కుర్రాడికి ఇదంతా చెప్పి, "కొనకు" అన్నాను. "తాతయ్యా, పెట్టెలో బాగానే బతుకుతుందిట" అన్నాడు. అమ్మమ్మ మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను, ఎందుకంటే వాడు చెప్పింది నిజమే.

ఆ గుత్తి సాలీడు ఒక్కటే దొరికినా ఎవరో ఒకరు దానికి పేరూ తేదీ రాశారు కదా అన్న ఆలోచన ఆ రాత్రి వదల్లేదు. మా నాలుగెకరాల్లో ఎన్ని రకాలుండేవో, ఏవి ఎప్పుడు పోయాయో, నాతో సహా ఎవరి దగ్గరా ఒక్క కాగితం లేదు.

మామయ్య పోయాక ఇల్లు ఖాళీ చేస్తుంటే నా నోటుబుక్కు దొరికింది. పాత బస్తాల కింద, ఎలుక కొరికి. దాచిపెట్టాడంటే ఏమనుకుని దాచాడో. అట్ట మీద ఆయన చేతిరాతతో "అల్లుడి లెక్కలు" అని ఉంది. బూజు దులుపుతూ తల ఎత్తితే దూలం మూలన పొడుగు కాళ్ళ సాలీడు ఒకటి వేలాడుతోంది. దులపకుండా వదిలేశాను. ఇల్లు కొన్నాయన ఎలాగూ పడగొట్టించాడు.

పోయిన జూన్‌లో, ఆరుద్ర కార్తె వచ్చిన నాలుగో రోజున, మంచి వాన పడిందని ఫోను వస్తే ఊరికి వెళ్ళాను. పడమటి గరువు ఇప్పుడు ప్లాట్లు. తెల్ల రాళ్ళు పాతి, కంకర రోడ్లు వేసి, ద్వారానికి కమాను కట్టారు. వాచ్‌మన్ నన్ను ప్లాటు కొనడానికి వచ్చాననుకుని కుర్చీ వేశాడు. నేను వంగి వంగి నేల చూస్తూ తిరుగుతుంటే ఏం పోగొట్టుకున్నారని అడిగాడు. గంటంబావు తిరిగాక, బోరు గది వెనక, ఇంకా మట్టి తోలని ఓ మూల మూడు కనపడ్డాయి. వాచ్‌మన్ కూడా నా పక్కనే గొంతుక్కూచున్నాడు. వాళ్ళది ఒంగోలు అవతలట, చిన్నప్పుడు అతనూ అగ్గిపెట్టెలో పెట్టేవాడట. అతని పెట్టెలోవీ బతకలేదు.

పాత నోటుబుక్కు చివరి పేజీలో కొత్తగా ఒక గడి గీసి, తేదీ వేసి, 3 అని రాశాను.

ఈ ఆరుద్ర కార్తెలో మీ ఊళ్ళో వాన వెలిశాక ఎర్రటి మఖమల్ పురుగు కనపడితే, ఎక్కడ, ఏ రోజు, ఎన్ని అన్నది ఏదో ఒక కాగితం మీద రాసి ఉంచండి. కాళ్ళు కూడా లెక్కపెట్టండి. అగ్గిపెట్టెలో మాత్రం పెట్టకండి.